కాలవ మీద పురిటి ప్రయాణం

పెళ్ళయిన కొత్తలో నాకు రెండుసార్లు కడుపు పోయింది. మొదటిసారి అమలాపురంలో ఒక పెళ్ళికి వెళ్ళి బస్సులో తిరిగొచ్చిన వారానికే. దాంతో నేరం బస్సు మీద పడింది. రెండోసారి నేను ఏ బస్సూ ఎక్కలేదు. అయినా ఇంట్లోవాళ్ళు వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ వెళ్ళి, ఎప్పుడో చేసిన ఓ ప్రయాణాన్ని పట్టుకొచ్చి, దాని కుదుపే కారణమని తేల్చారు. అప్పటినుంచి మా ఇంట్లో ‘కుదుపు’ అనే మాటని పాము పేరు ఎత్తినట్టు మెల్లగా పలికేవారు.

డెబ్బైల చివర్లో మూడోసారి నిలిచింది. రాజోలు డాక్టరమ్మగారు చూసి, అంతా బాగానే ఉందమ్మా, గతుకుల రోడ్ల మీద మాత్రం తిరక్కు అన్నారు. ఆ ఒక్క మాట మా అత్తగారి చేతిలో పడి చట్టమై కూర్చుంది. మంచం దిగకూడదు. బిందె ఎత్తకూడదు. తుమ్మొస్తే గట్టిగా తుమ్మకూడదు. నేను ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. గదినిండా ఉన్న పిల్లల్ని ఒక్క గద్దింపుతో కూర్చోబెట్టేదాన్ని, సెలవు పెట్టి మంచం మీద కూర్చుని గోడ మీద బల్లి ఎటు పోతుందా అని చూస్తుండేదాన్ని. నాకు ముక్కు మీదే కోపం. అయినా ఆ నెలల్లో ఒక్కసారి కూడా ఆవిడకి ఎదురు చెప్పలేదు. ఎందుకంటే లోపల నాక్కూడా అంత భయమూ ఉంది. ఈ బిడ్డ నిలవాలి. నిలవకపోతే మళ్ళీ ఆశపడే ఓపిక నాకు లేదని నాకు తెలుసు.

ఏడో నెల వచ్చింది. మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. ఎనిమిదో నెలలో కదలకూడదు కాబట్టి కదిలితే ఇప్పుడే కదలాలి. మా పుట్టిల్లు గన్నవరం దాటాక, కొత్తపేట వైపు, కాలవ గట్టునే ఉంది. మా అమ్మ పక్కింట్లో పెద్దాసుపత్రిలో చేసి రిటైరైన నర్సమ్మగారు ఉండేవారు. ఆవిడ చేతుల మీదుగా పురుడు పోసుకుంటే ఇక దిగులుండదని అందరి నమ్మకం. అక్కడిదాకా ఎలా చేరాలన్నదే సమస్య. బస్సు పేరెత్తితే మా అత్తగారు చెవులు మూసుకునేవారు. టాక్సీ అంటే, రోడ్డు అదేగా అనేవారు. పోనీ డోలీ కట్టించండి అని నేను వెటకారానికి అంటే, ఆవిడ నిజంగానే కాసేపు ఆలోచించారు.

అప్పుడు మా ఆయన “పడవలో తీసుకెళ్తాను” అన్నారు.

మా ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. లెక్కలు చకచకా చేస్తారుగానీ మిగతా పనులన్నీ నిదానం. కాలవకి స్నానానికి వెళ్తే వంటంతా చల్లారిపోయేది. సైకిలు తొక్కితే నడిచేవాళ్ళు దాటుకుపోయేవారు. అలాంటి మనిషికి పడవ ప్రయాణం గుర్తుకురావడంలో వింతేమీ లేదు. కాకపోతే జనం బస్సులకి అలవాటుపడ్డాక మనుషుల్ని ఎక్కించుకునే పడవలు ఆగిపోయాయి. కొబ్బరికాయలు, ధాన్యం, ఇటికలు మోసే పడవలు మాత్రం ఇంకా తిరుగుతుండేవి. మా చర్చికొచ్చే ఒకాయనకి కొబ్బరికాయల పడవ ఉంది. ఆయనతో మాట్లాడి వచ్చారు.

“కడుపుతో ఉన్న పిల్లని కాయల మీద పడుకోబెట్టి తీసుకెళ్తావురా?” అన్నారు మా అత్తగారు.

“నీళ్ళకి గతుకులుండవు కదమ్మా,” అన్నారు ఈయన.

ఆవిడ లేచి వెళ్ళి నా చీరలు సర్దడం మొదలుపెట్టారు. నాకు పెళ్ళయిన తర్వాత మా ఆయన మీద అంత ప్రేమ పుట్టిన రోజు ఇంకోటి లేదు.

పడవ మంగళవారం కదులుతుందని కబురొచ్చింది. అక్కడ పడింది మెలిక. మేం మూడు తరాలుగా క్రైస్తవులం. పక్కింటివాళ్ళు పంచాంగం చూసుకుని బయల్దేరుతుంటే మా అత్తగారు జాలిపడేవారు. పిల్లి ఎదురొస్తే ఆగకపోవడమే కాదు, దాన్ని పలకరించి మరీ వెళ్ళేవారు. కానీ మంగళవారం నాడు ఇంటి కోడల్ని గడప దాటించడమంటే ఆవిడ ప్రాణం ఒప్పుకోదు. ఆ వీధిలో ఏ మతంవాళ్ళైనా అంతే, మంగళవారం ఆడపిల్లని పంపరు.

“ఇది నమ్మకం కాదురా, అలవాటు. దేవుడికి అన్ని రోజులూ ఒకటే. అలాంటప్పుడు ఆయనకి బుధవారమైనా ఒకటేగా?” అన్నారు.

లెక్కల మాస్టారు సైకిలెక్కి మళ్ళీ పడవాయన దగ్గరికి వెళ్ళారు. పడవాయన పెద్దమనిషి. “ఆయ్, బుధవారమే వెళ్దామండి. కాయ ఎత్తడం ఎలాగూ అవలేదు. కాలవ కట్టేలోపు లాకు గేట్లు దాటేసేమంటే చాలండి,” అన్నారు. ఏటా వేసవిలో, దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక, కాలవలకి నీళ్ళు ఆపేసి పూడికలు తీస్తారు, గట్లు బాగుచేస్తారు. దాన్నే కాలవ కట్టేయడం అంటాం. ఆ ఏడు వారం చివర్లో కట్టేస్తారని అనుకుంటున్నారు. ఒక్క రోజుకి ఏమవుతుందిలే అనుకున్నాం అందరం.

బుధవారం పొద్దున్నే మా అత్తగారు రేవు మీద నిలబడి పెద్ద ప్రార్థన చేశారు. అందులో పడవని, తాడుని, తాడు లాగే మనుషుల్ని, వాళ్ళ కాళ్ళని కూడా విడివిడిగా దేవుడికి అప్పగించారు. ఆమెన్ అన్నాక పడవ కదిలింది. ఆవిడ రేవు మీద చిన్నగా అయిపోతుంటే నాకు ఏడుపు రావాలి. రాలేదు. గుండెల మీంచి బరువు దించినట్టయింది. ఎన్నో నెలల తర్వాత నన్ను ఎవరూ ‘జాగ్రత్త’ అనని గాలి పీల్చుకున్నాను.

పడవ మధ్యలో తాటాకు గూడు ఉంది. అందులో పడవాయన భార్య నాకోసం గడ్డి మీద బొంత పరిచింది. ముందూ వెనకా కొబ్బరికాయలు గుట్టలుగా పోసి ఉన్నాయి. మేం వెళ్ళేది నీటికి ఎదురు కాబట్టి ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ భుజాల మీద తాడు వేసుకుని లాగేవారు. పడవాయన వెనక చుక్కాని పట్టుకునేవారు. కుదుపన్నది లేదు. నీళ్ళు పడవ కింద గుసగుసలాడుతున్న చప్పుడొకటి తప్ప వెళ్తున్నామన్న గుర్తే ఉండేది కాదు.

మా ఆయన సైకిలు కూడా పడవెక్కింది. ఆయనకి విసుగు పుట్టినప్పుడల్లా దాన్ని గట్టు మీదికి దింపుకుని పడవ పక్కనే తొక్కుకుంటూ వచ్చేవారు. జీవితంలో మొదటిసారి ఆయన సైకిలుకి సరైన జోడీ దొరికింది. పడవా సైకిలూ ఒకే నడకలో పోతుంటే, ఆయన గట్టు మీంచి, నేను గూట్లోంచి కబుర్లు చెప్పుకునేవాళ్ళం. అత్తగారింట్లో పెద్దవాళ్ళ మధ్య మేం అంత సేపు మాట్లాడుకున్నది ఎప్పుడూ లేదు. అప్పుడప్పుడు ముందుకెళ్ళిపోయి, వచ్చే వంతెన దగ్గర బజ్జీల పొట్లంతో నిలబడేవారు. పడవ వంతెన కిందికి వచ్చేసరికి పొట్లం పైనుంచి, గూడు ముందుకొచ్చి కూర్చున్న నా ఒళ్ళోకి జారవిడిచేవారు. ఒకసారి గురి తప్పి బజ్జీలన్నీ కాలవపాలయ్యాయి. నేను తిట్టిన తిట్లకి తాడు లాగేవాళ్ళు ఆగిపోయి నవ్వారు.

రోడ్డు మీంచి చూస్తే మా ఊళ్ళు ఒకలా ఉంటాయి, కాలవలోంచి చూస్తే ఇంకోలా ఉంటాయి. రోడ్డుకి అరుగులు, గేట్లు, రంగులు కనిపిస్తాయి. కాలవకి పెరళ్ళు కనిపిస్తాయి. ఆరేసిన చీరలు, ఎండబెట్టిన చేపలు, కొబ్బరి పీచు గుట్టలు, మొగుళ్ళ మీద గొణుక్కుంటూ అంట్లు తోముకునే ఆడవాళ్ళు. రేవు రేవుకీ ఒకటే ప్రశ్న. “ఎన్నో నెలండీ?” నేను చెప్పేదాన్ని. “పుట్టింటికా అండీ?” “ఆయ్.” “మగపిల్లాడేనండీ, పొట్ట చూస్తే తెలిసిపోతుంది,” అని ఒక రేవువాళ్ళు, “ఆడపిల్లేనండీ, మొహం చూస్తే తెలిసిపోతుంది,” అని తర్వాతి రేవువాళ్ళు. పుట్టబోయే బిడ్డ గురించి అంత ధైర్యంగా, భయం లేకుండా మాట్లాడటం విని ఎన్నాళ్ళయిందో. నాకు వాళ్ళందర్నీ కౌగిలించుకోవాలనిపించింది.

పడవాయన భార్యది వాగుడు నోరు. ఆవిడ పిల్లలంతా పడవలోనే పుట్టారట. “ఇక్కడే కనేయండమ్మగారూ, అంత దూరం ఎందుకూ?” అనేది నవ్వుతూ. కట్టెల పొయ్యి మీద చింతకాయ వేసి చిన్నచేపల పులుసు పెట్టింది. మా అత్తగారు నెలల తరబడి నాకు పెట్టిన చప్పిడి కూరల మీద కసి తీరేలా తిన్నాను. మూడోసారి అన్నం పెట్టించుకుంటుంటే మా ఆయన అటు తిరిగి నవ్వుకోవడం నేను చూశాను.

మర్నాడు సాయంత్రానికి గన్నవరం అక్విడక్టు మీదికి వచ్చాం. అక్కడ కాలవే వంతెనై గోదావరి పాయని దాటుతుంది. చిన్నప్పటినుంచి దాని మీద నడిచాను, సైకిలు వెనకాల కూర్చుని వెళ్ళాను. పడవలో దాటడం మాత్రం అదే మొదలు. నేను గూట్లోంచి బయటికొచ్చి కూర్చున్నాను. మా పడవ కింద నీళ్ళు, ఆ నీళ్ళ కింద రాతి కమానులు, ఆ కమానుల కింద గోదావరి. దూరంగా ఎవరో నదిలో వల విసురుతున్నారు. మేం వాళ్ళ నెత్తి మీద, గాల్లో, పడవ మీద పోతున్నాం. ఆ మధ్యలో ఉండగా లోపల బిడ్డ ఒక్క పొర్లు పొర్లింది. కడుపు ఒక పక్కకి ఒరిగిపోయింది. మా ఆయన్ని పిలిచి చెయ్యి పెట్టించాను. ఆయన అక్విడక్టు దాటేదాకా చెయ్యి తియ్యకుండా కూర్చున్నారు. అప్పుడు నాకు మొదటిసారి అనిపించింది, ఈ బిడ్డ మాకు దక్కుతుందని. ఆ రాత్రి నాకు పట్టిన నిద్ర పెళ్ళయ్యాక ఎప్పుడూ పట్టలేదు.

శుక్రవారం తెల్లారి లేచి చూస్తే గట్టు పొడుగునా తడి మట్టి చార కనిపించింది. నీళ్ళు కిందికి దిగాయి. కాలవ కట్టేది శనివారమేగానీ, పైనుంచి ముందే తగ్గించుకుంటూ వస్తారట. పడవాయనకి ఆ సంగతి తెలుసు, ఆలోపు దాటేస్తాం అనుకున్నారు. మంగళవారం బయల్దేరి ఉంటే దాటేసేవాళ్ళమే. ఆ మాట ఆయన అనలేదు, మా ఆయనా అనలేదు. మా అత్తగారిని తిట్టుకునే హక్కు నాకొక్కదానికే ఉందని ఇద్దరూ నాకు వదిలేశారు.

నేను తిట్టుకోలేదు. నాకు ఆ ధ్యాసే లేదు. లేచినప్పటినుంచి బిడ్డ కదలలేదు.

రోజూ పొద్దున్న నేను మంచినీళ్ళు తాగితే చాలు, తన్నేది. ఆ రోజు నీళ్ళు తాగాను, కదలలేదు. పడవాయన భార్య ఇచ్చిన టీ తాగాను, కదలలేదు. ఎడమ పక్కకి తిరిగి పడుకున్నాను, కుడి పక్కకి తిరిగాను. కడుపు మీద చెయ్యి పెట్టుకుని లోలోపల పిలిచాను. రెండోసారి కడుపు పోయినప్పుడు కూడా ముందు ఇలాంటి నిశ్శబ్దమే వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. నోటితో అంటే నిజమైపోతుందేమోనని భయం. గట్టు మీద తాడు లాగేవాళ్ళ అరుపులు, కింద పడవ అడుగు ఇసకకి రాసుకుంటున్న చప్పుడు వింటూ, బొంతని పిడికిట్లో పట్టుకుని పడుకున్నాను. నిన్నటిదాకా హాయిగా ఉన్న ఆ నిదానమే అప్పుడు నా పీక నులిమింది.

ఎండెక్కేసరికి పడవ ఒక వంతెనకి ఇవతల బురదలో కూరుకుపోయి ఆగిపోయింది. గెడలేసి నెట్టారు, మొలలోతు నీళ్ళలో దిగి లాగారు. కదల్లేదు. “ఇంక రాదండీ. మళ్ళీ నీళ్ళొచ్చేదాకా ఇక్కడేనండి మా కాపురం,” అన్నారు పడవాయన. ఆయన భార్య నిమ్మళంగా గట్టు మీద పొయ్యి పెట్టుకునే చోటు చూసుకుంటోంది. మా ఊరు అక్కడికి నడక దూరమే. కానీ నన్ను నడవనివ్వరు. బస్సు రోడ్డు అవతల ఉంది, దాని సంగతి చెప్పక్కర్లేదు. మా ఆయన కాసేపు తల గోక్కుని, సైకిలు గట్టెక్కించి, బొంతని నాలుగు మడతలు పెట్టి వెనక క్యారియరు మీద కట్టారు.

“నేను తొక్కను. నువ్వు కూర్చో, పట్టుకుని నడిపిస్తాను. తాళ్ళు లాగేవాళ్ళు తిరిగి తిరిగి గట్టంతా నున్నగా అయింది. అద్దంలా ఉంది చూడు,” అన్నారు.

నిజంగానే నున్నగా ఉంది. నేను ఒక పక్కకి కూర్చుని సీటు పట్టుకున్నాను. ఆయన హ్యాండిల్ పట్టుకుని పక్కనే నడిచారు. దారిలో గడ్డిపోచ కనిపించినా పక్కకి తప్పించి నడిపించారు. ఒక పక్క కొబ్బరిచెట్ల నీడ, ఇంకో పక్క అడుగంటుతున్న కాలవ. మడుగులు కట్టిన చోటల్లా జనం గంపలతో చేపలు పట్టుకుంటున్నారు. ఆయన ఏవేవో చెబుతున్నారు. మా అమ్మ ఏం కూర వండుంటుందో పందెం వేద్దామన్నారు. నేను ఊ కొట్టాను. ఇంకాస్త దూరం వెళ్ళాక సైకిలు ఆపేశారు.

“ఇందాకటినుంచి మా అమ్మని ఒక్క మాటైనా అనలేదేంటి? మంగళవారం సంగతి?” అన్నారు. “ఏమైంది నీకు?”

ఆ ప్రశ్నకి నా కట్ట తెగిపోయింది. “బిడ్డ కదలటం లేదండీ. పొద్దున్నించీ కదలటం లేదు,” అన్నాను.

ఆయన ఏదో ఒక మాట చెప్పి ఊరుకోబెడతారేమో అనుకున్నాను. అనలేదు. నా కొంగు కాళ్ళకి అడ్డం పడకుండా దోపారు, “గట్టిగా పట్టుకో” అన్నారు, అంతే. మళ్ళీ హ్యాండిల్ పట్టుకుని నడక మొదలుపెట్టారు. అది నడక కాదు. అలా పరుగులాంటి నడక నడవగలరని నాకు అప్పటిదాకా తెలీదు. నర్సమ్మగారు, నర్సమ్మగారు అని తనలో తను అనుకుంటున్నారు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోవడం లేదు. నాకు బిడ్డ మీద ఎంత బెంగ ఉందో, అంతా ఆయనకీ ఉందని, ఇన్ని నెలలూ అది ఆయన నిదానం వెనకాల దాక్కుందని ఆ గట్టు మీద తెలిసింది నాకు. ఏడుపు ఆగలేదు.

అందుకే ఆ తూము ఇద్దరం చూసుకోలేదు. చేలోకి నీళ్ళు వెళ్ళడానికి గట్టు కింద గొట్టం వేసి, పైన మట్టి ఎత్తుగా కప్పారు. సైకిలు అంత వేగంలో దాని మీదికి ఎక్కింది. వెనక చక్రం ఎగిరి దబ్బుమని కిందపడింది. నా పళ్ళు టకటకలాడాయి. కెవ్వుమన్నాను. ఏ కుదుపుని తప్పించుకోవడానికి ఇన్ని నెలలు మంచం మీద ఉన్నానో, ఏ కుదుపుకి భయపడి ఇంత కాలవ ప్రయాణం చేశానో, అదే కుదుపు. ఆయన సైకిలు వదిలెయ్యబోయి మళ్ళీ పట్టుకుని, దాన్ని నడుముకి ఆనించుకుని నన్ను రెండు చేతులా ఆపారు.

అప్పుడు తన్నింది.

పక్కటెముక కింద, బలంగా. నిద్ర చెడగొట్టినందుకు కోపమొచ్చినట్టు మళ్ళీ ఒకటి, వెంటనే ఇంకొకటి. ఆ కోపం ఎవరి పోలికో వేరే చెప్పక్కర్లేదు. నేను ఆయన చెయ్యి లాక్కుని కడుపు మీద పెట్టుకున్నాను. ఆ చేతికి కూడా ఒకటి తగిలింది. లెక్కల మాస్టారు గట్టు మీద, ఎర్రటి ఎండలో, చేపలు పట్టుకునేవాళ్ళందరూ చూస్తుండగా నిలబడి ఏడ్చారు. నాకు మాత్రం ఒళ్ళంతా తేలికైపోయి నవ్వొచ్చింది.

“ఏవండీ,” అన్నాను. “సైకిలు వెనక్కి తిప్పండి.”

“ఎందుకు? పడవలో ఏమైనా మర్చిపోయావా?”

“కాదు. ఆ తూము మీద ఇంకోసారి పోనివ్వండి.”

ఆయన నా మొహంలోకి చూశారు. తర్వాత ఏమీ అడక్కుండా సైకిలు తిప్పారు. ఈసారి ఎంతో మెల్లగా ఎక్కించారు. అయినా తన్నింది.

మా అమ్మాయి నెలలు నిండాక, నర్సమ్మగారి చేతుల్లోనే పుట్టింది. కబురు అందిన మర్నాడే మా అత్తగారు సంచి పట్టుకుని గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. ఆ రోజు మంగళవారం. ఆ సంగతి ఆవిడకి గుర్తులేదు, గుర్తుచేసే సాహసం మేమూ చేయలేదు. మనవరాలిని ఒళ్ళోకి తీసుకుని, చాలాసేపు ఆ చిన్న కాళ్ళు రెండూ పట్టుకుని కూర్చున్నారు.

“ఎలా వచ్చేరండీ వదినగారూ?” అని అడిగింది మా అమ్మ.

“బస్సులోనండి. ఒళ్ళు హూనమైపోయింది. ఒకటే కుదుపులు,” అన్నారు ఆవిడ, పిల్ల మీంచి చూపు తిప్పకుండా.

మా ఆయన నావైపు చూడకుండా లేచి, పెరట్లోకి వెళ్ళి సైకిలు తుడవడం మొదలుపెట్టారు.